పూల్ టేబుల్ స్లేటు: మందం ఒక్కటే చూస్తే చాలదు

బిలియర్డ్స్ తరహా ఆట అయిన పూల్‌కు టేబుల్ కొనేవారి చూపు ముందుగా కాళ్ల నగిషీ మీదికి, బట్ట రంగు మీదికి పోతుంది. ఆటను నిర్ణయించేది మాత్రం ఆ బట్ట కింద కనబడకుండా ఉండే స్లేటు అనే రాతి పలక. బట్ట పాడైతే మార్చుకోవచ్చు, బంతి తగిలి వెనక్కి మళ్లే అంచు కుషన్ల రబ్బరు గట్టిపడితే కొత్తది వేయించుకోవచ్చు. స్లేటు మాత్రం టేబుల్ ఉన్నంతకాలం అదే ఉంటుంది. కనుక ఖర్చు తగ్గించుకోవలసి వస్తే మిగిలిన వాటిలో తగ్గించుకోవాలే తప్ప స్లేటులో కాదు.

చవక టేబుళ్లలో రాయికి బదులు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో కలిపి అదిమి చేసేది) పలకలు వేస్తారు, కొన్నిటికి స్లేటును తలపించే పేర్లు కూడా పెడతారు. కొత్తలో బంతి బాగానే దొర్లుతుంది గానీ, గాలిలోని తేమ పీల్చి పలక ఒకసారి వంగిందంటే ఎంత సర్దినా మళ్లీ చదునుకు రాదు. పిల్లల కాలక్షేపానికి తప్ప వీటిని నేను సిఫారసు చేయను. 1826లో లండన్ తయారీదారు జాన్ థర్‌స్టన్ చెక్కకు బదులు స్లేటు వాడటానికి కారణం కూడా ఇదే: బురదమట్టి పొరలు భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఏర్పడిన ఈ రాయి పలకలుగా చీలుతుంది, సానకు బాగా లొంగుతుంది, చెక్కలా తేమకు ఉబ్బదు.

మందం విషయంలో ముప్పావు అంగుళం, అంగుళం రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. తేడా పావు అంగుళమే కదా అనిపిస్తుంది. అయితే పలక బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అంగుళం స్లేటు ముప్పావు అంగుళం స్లేటు కన్నా రెండు రెట్లకు పైగా వంగకుండా నిలుస్తుంది. పోటీ టేబుళ్లకు, ఈ ఆటకు అంతర్జాతీయ సంఘమైన వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ అడిగేది కనీసం అంగుళం మందం. కింద చట్రానికి దగ్గర దగ్గరగా అడ్డదూలాలు ఉంటే ముప్పావు అంగుళం స్లేటు కూడా ఇంటి ఆటకు సరిపోతుంది. బలహీనమైన చట్రం మీద పరిస్తే అంగుళం స్లేటు కూడా నడుమ కుంగుతుంది. అమ్మేవారు మందం చెప్పి ఊరుకుంటే, టేబుల్ కిందికి వంగి దూలాలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఆనుతున్నాయో చూడాలి.

నా దృష్టిలో అసలు పరీక్ష స్లేటు ముక్కలు కలిసే అతుకు దగ్గర ఉంది. ఎనిమిదడుగుల టేబుల్‌కు అంగుళం స్లేటు మొత్తం సుమారు రెండు వందల కిలోలు తూగుతుంది. ఒకే పలకగా అయితే మెట్లెక్కించడమే గండం. అందుకే ఇళ్లకు మూడు ముక్కల స్లేటు అనువైనది, పైగా ఒక్కో ముక్కను విడిగా మట్టానికి తేవచ్చు. ఆ మూడూ ఒకే సెట్టుగా కోసి, కలిపి సానపట్టినవై ఉండాలి. పైన చెప్పిన అంతర్జాతీయ సంఘం ప్రమాణం ప్రకారం ఆట ఉపరితలంలో హెచ్చుతగ్గులు పొడవున అర మిల్లీమీటరును, అడ్డంగా పావు మిల్లీమీటరును మించకూడదు. అతుకుల దగ్గరైతే 0.13 మిల్లీమీటర్లే హద్దు. ఇది కంటికి ఆనదు, గోటికి తెలుస్తుంది. బట్ట పరచక ముందే గోరును అతుకుకు అడ్డంగా నడిపి చూడండి, తట్టుకోకూడదు. ఆ తరువాత ఒక బంతిని అతుకు మీదుగా, ఆగిపోబోతున్నంత నెమ్మదిగా వదలండి. వేగంగా పోయే బంతి లోపాన్ని దాటేస్తుంది, నెమ్మదిగా పోయేది పక్కకు ఒరుగుతుంది. సందును తేనెమైనంతో నింపి చదును చేసే పద్ధతి పాతదే అయినా మంచిది, టేబుల్ విప్పవలసి వచ్చినప్పుడు రాతి అంచు దెబ్బతినదు.

రాయి ఏ దేశానిదన్న చర్చ మీద నాకు అంత పట్టింపు లేదు. ఇటలీలోని లిగూరియా స్లేటు సన్నని రేణువుతో నునుపుగా ఉంటుందన్న పేరు నిజమే. బ్రెజిల్, చైనా స్లేటు కూడా సరిగా కోసి సానపడితే చక్కగా ఆడుతుంది. అంతకన్నా, అంచుల కింద చెక్క అతికించి ఉందో లేదో అడగడం ముఖ్యం. ఆ చెక్క ఉంటే బట్టను స్టేపుల్ పిన్నులతో బిగువుగా లాగి కొట్టవచ్చు, లేకపోతే రాతికే జిగురుతో అంటించాలి. బంతులు పడే పాకెట్ల కోతల చుట్టూ, బోల్టు రంధ్రాల దగ్గర సన్నని నెర్రెలు ఉన్నాయేమో టార్చిలైటును ఏటవాలుగా వేసి చూడాలి. బిగింపు ఒత్తిడికి స్లేటు ముందుగా విచ్చేది అక్కడే.

ఇంట్లో ఒకచోట స్థిరంగా ఉండే టేబుల్‌కు, చెక్క అతికించిన అంగుళం మందం మూడు ముక్కల సెట్టునే నేను ఎంచుకుంటాను. తరచూ చోటు మార్చే ఏడడుగుల టేబుల్‌కు మాత్రం ఒకే పలక మేలు, ఎందుకంటే కదిపిన ప్రతిసారీ అతుకులు మళ్లీ కలపవలసిన పని ఉండదు.