అంబాసిడర్‌కి హ్యాండ్ గేర్ ఉంచాలా, పీకాలా: నెల్లూరు ఆటోనగర్‌లో గేర్ బాక్స్ పని

మా మామగారి 1972 మోడల్ మార్క్ 2 అంబాసిడర్ నా దగ్గరకొచ్చి రెండేళ్లయింది. దీనికి హ్యాండ్ గేర్, అంటే గేరు లివర్ స్టీరింగ్ కిందే ఉంటుంది. సెకండ్ వేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడేది. అంతకన్నా పెద్ద బాధ, ట్రంకు రోడ్డులో లివర్ ఇరుక్కుపోతే దిగి బానెట్ ఎత్తి, లింకు రాడ్డు చేత్తో లాగి మళ్లీ ఎక్కాలి. వెనక ఆటోల వాళ్ల తిట్లు బోనస్.

మొదట వెళ్లిన షెడ్డులో అసలు బాక్స్ విప్పి చూడకుండానే, ఇది తీసి పారేసి 1800 ఐఎస్‌జెడ్ అంబాసిడర్‌లో వచ్చిన అయిదు గేర్ల ఇసుజు బాక్స్ ఎక్కిద్దాం, లివర్ కింద ఫ్లోర్ మీదకి వస్తుంది, 45 వేలు అన్నారు. నేనూ టెంప్ట్ అయ్యాను, ఎందుకంటే హైవే మీద ఒంగోలు దాకా 80లో పోతే నాలుగో గేరులో ఇంజన్ అరుపు మీకూ తెలిసే ఉంటుంది. తీరా వాళ్లు మ్యాట్ ఎత్తి ఫ్లోర్ మీద సుద్దతో గుండ్రం గీసి కటింగ్ మెషిన్ తెచ్చాక గానీ నాకు తెలివి రాలేదు. అడిగితే అప్పుడు చెప్పారు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (బాక్స్ నుంచి వెనక చక్రాలకి పోయే రాడ్డు) కొలత మార్చాలంట, బెల్ హౌసింగ్‌కి (ఇంజన్‌కీ బాక్స్‌కీ మధ్య ఉండే డొప్ప) ప్లేటు చేయించాలంట, స్పీడోమీటర్ కేబుల్ సంగతి తర్వాత చూద్దామంట. బండి తీసుకుని వచ్చేశా.

రెండోది బోర్డు కూడా లేని షెడ్డు, ఆటోనగర్‌లో అంబాసిడర్ మేస్త్రీ భాయ్ అంటే ఎవరైనా చూపిస్తారు. ఆయన బాక్స్ దించి, గేర్లు డీజిల్‌లో కడిగి ట్రేలో పెట్టి చూపించాడు. ఫస్ట్ గేరు పళ్లు అంచులు అరిగి ఉలవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. "ఇది బాక్స్ తప్పు కాదు సార్, ఫస్టుకి సింక్రో ఉండదు, బండి దొర్లుతుండగానే వేసేశారు" అన్నాడు. పైన మూడు గేర్లకే సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలు కలిపి గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది, మా మామకి చెప్తే ఒప్పుకోలేదనుకోండి. లివర్ ఇరుక్కోవడానికి కారణం అసలు బాక్స్ కాదు, స్టీరింగ్ రాడ్డు కింద అరిగిన బుష్షులు (రాడ్డు తిరిగే చోట వేసే రింగులు).

బేరింగులు, సింక్రోలు, ఫస్ట్ గేరు చెన్నై పుదుపేటలో వెతికి తెచ్చాడు. మొత్తం 22 వేలు. పది రోజులన్నవాడు నలభై రోజులు చేశాడు, ఫోన్ ఎత్తడు, బిల్లు చీటీ మీద పెన్సిల్‌తో రాసిచ్చాడు. అందుకే షెడ్డుకిచ్చే రేటింగులో ఒక స్టార్ కోశా.

రోజూ హైవే మీద తిరిగే బండైతే అయిదో గేరు సుఖమే, కాదనను. కానీ 2021 నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పుల్లేని సొంత బండికి వీఏ అక్షరాల వింటేజ్ నంబరు ఇస్తారు, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఫ్లోర్ కోసేస్తే బాడీ షెల్ మార్చలేదని ఎట్లా చెప్తాం? కాకపోతే ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు, అందుకే నేనింకా ఆలోచనలోనే ఉన్నా.

పోయిన ఆదివారం రాపూరు ఘాట్ ఎక్కించా. మలుపుల్లో సెకండ్‌లో వదిలేస్తే లివర్ కదల్లేదు. రివర్స్ మాత్రం ఇప్పటికీ రెండో ప్రయత్నానికి గానీ పడట్లేదు, మళ్లీ భాయ్ దగ్గరికి పోవాలి, ముందు ఆయన ఫోన్ ఎత్తాలిగా.