క్యాడో సరస్సులో చిన్న చేపల వేట: 4 డాలర్ల పార్కు, 150 డాలర్ల జరిమానా

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాలు చేపలు పట్టడానికి ఎక్కడికి వెళ్ళాలని అడిగితే, తూర్పు టెక్సస్‌లో లూసియానా సరిహద్దును ఆనుకుని ఉన్న క్యాడో సరస్సు పేరే నేను ముందు చెబుతాను. బస మాత్రం ఎంతో జాగ్రత్తగా ఎంచుకోవాలని కూడా అదే నోటితో చెబుతాను. డల్లాస్ పక్కనే ఉన్న ఇర్వింగ్ నుంచి మార్షల్ మీదుగా సరస్సు దగ్గరి ఊరు కార్నాక్ చేరడానికి మూడు గంటలు పట్టింది, దారిలో చెప్పుకోదగినది ఏమీ లేదు. ఈసారి మాతో మా అత్తయ్యగారు కూడా వచ్చారు. భీమవరం దగ్గర పల్లెలో పుట్టి, కొల్లేటి చేపలు తింటూ పెరిగిన ఆవిడ, అమెరికా వచ్చినప్పటి నుంచి దుకాణంలో ఐసు పెట్టిన చేప తప్ప వేరేది దొరకడం లేదని దిగులు పడుతున్నారు. ఆవిడ కోసమే ఈ ప్రయాణం పెట్టుకున్నాం.

సరస్సుకు దగ్గరలో ఒక ప్రైవేటు కాటేజీని ముందుగానే బుక్ చేశాం. ప్రకటనలో అది చేపలు పట్టేవారికి అనువైన ఇల్లనీ, పెరట్లో చేపలు శుభ్రం చేసుకునే బల్ల, నీటి కుళాయి ఉన్నాయనీ ఫోటోలతో సహా రాశారు. రాత్రికి 142 డాలర్ల చొప్పున రెండు రాత్రులకు 284, శుభ్రత రుసుము 95, సేవా రుసుము 41 కట్టించుకున్నారు, పన్నులు వేరు. తీరా వెళ్ళి చూస్తే బల్ల ఒక కాలు విరిగి గోడకు ఆనించి ఉంది, కుళాయిలో చుక్క నీరు రాలేదు. యజమానికి సందేశం పంపితే, వంటింటి సింకులో చేపలు కడగరాదనీ, ఇంటి లోపల చేప వండరాదనీ అప్పుడు చెప్పారు. ఈ నిబంధనలు ప్రకటనలో ఎక్కడా లేవు. అయినా మేము ఆ మాటకు కట్టుబడి, ఆ ఇంట్లో టీ తప్ప ఏమీ కాయలేదు. తిరిగి వచ్చిన మూడో రోజున, ఇంట్లో చేపల వాసన వస్తోందంటూ మా కార్డు నుంచి 150 డాలర్లు తీసుకున్నారు. మావారు అంతగా కోపగించుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. విరిగిన బల్ల ఫోటోలు, యజమానితో జరిగిన సందేశాలు, సరస్సు ఒడ్డునున్న స్టేట్ పార్కులో వంట చేస్తున్నప్పటి ఫోటోలు అన్నీ పంపి వారం రోజులు వాదించాక 75 డాలర్లు మాత్రం వెనక్కి ఇచ్చారు. కనుక ఇటువంటి ఇల్లు తీసుకునేవారు చేప ఎక్కడ కడగాలి, ఎక్కడ వండాలి అనే రెండు ప్రశ్నలకు డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. వీలైతే ఆ ఊసే లేకుండా, పార్కులోని గదులనే కొన్ని నెలల ముందుగా బుక్ చేసుకోవడం మేలు.

ఎందుకంటే క్యాడో లేక్ స్టేట్ పార్కు మాకు చేసిన మర్యాద అంతా ఇంతా కాదు. పెద్దవారికి రోజుకు 4 డాలర్ల ప్రవేశ రుసుము, పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఉచితం. టెక్సస్ స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీద నుంచి గానీ, నీళ్ళలోకి కట్టిన వంతెన (పియర్) మీద నుంచి గానీ గేలం వేస్తే లైసెన్సు అక్కరలేదు. మన దేశం నుంచి కొద్ది నెలల కోసం వచ్చిన పెద్దవారికి ఇంతకన్నా మంచి సదుపాయం లేదు. పడవ వేసుకుని సరస్సులోకి వెళ్ళాలంటే మాత్రం లైసెన్సు ఉండాలి. కార్యాలయంలోని ఉద్యోగిని మా అత్తయ్యగారి కోసం నెమ్మదిగా మాట్లాడుతూ, ఏ చేప ఎన్ని పట్టవచ్చో కాగితం మీద గుర్తు పెట్టి మరీ ఇచ్చింది. క్రాపీ అనే చిన్న మంచినీటి చేపకు టెక్సస్‌లో సాధారణ నిబంధన కనీసం 10 అంగుళాల పొడవు, మనిషికి రోజుకు 25. సరిహద్దు సరస్సులకు వేరే నిబంధనలు ఉండవచ్చు కనుక, ఏ రోజుకు ఆ రోజు కార్యాలయంలో అడిగి తెలుసుకోవడమే సరైన పద్ధతి.

మేము వెళ్ళింది ఏప్రిల్ చివరి వారంలో. వసంతంలో నీరు వెచ్చబడగానే ముందు క్రాపీలు ఒడ్డుకు వస్తాయి, నీరు మరికాస్త వేడెక్కాక బ్లూగిల్ చేపలు తక్కువ లోతులో గుంపులుగా గూళ్ళు చేసుకుంటాయి. గుడ్లను కాపలా కాసే మగచేప దగ్గరకు వచ్చిన దేన్నయినా కొరుకుతుంది కనుక, అది కొత్తవారికి కలిసివచ్చే కాలం. చిన్న గేలం, బెండు, వానపాము ముక్క చాలు. వానపాముల డబ్బా 5 డాలర్ల 49 సెంట్లు, క్రాపీ కోసం చిన్న చేపపిల్లలు డజను 4 డాలర్లు పడ్డాయి. నీళ్ళలో నిలబడ్డ సైప్రస్ చెట్ల మొదళ్ళ పక్కన, నాచు అంచున వేస్తేనే బెండు మునిగింది. మధ్యలో వేసిన మావారికి గంట సేపు ఏమీ పడలేదు. పదమూడేళ్ళ మా అబ్బాయి మొదటి చేప పడేదాకా ఫోను వదలలేదు, ఆ తరువాత మధ్యాహ్న భోజనానికి కూడా లేవలేదు.

పట్టిన చేపను గుర్తుపట్టడంలో అత్తయ్యగారి కన్ను మా అందరి కన్నా చురుకైనది. మొదటి బ్లూగిల్‌ను చూడగానే "ఇది మన జిలేబీ చేప (తిలాపియా) లాగుందే" అన్నారు, ఆ పళ్ళెం లాంటి ఒళ్ళు, వీపు మీద ముళ్ళు చూసి. అయితే బ్లూగిల్‌కు మొప్ప చివర నల్లని రేకు, వీపు రెక్క వెనుక భాగంలో నల్లని మచ్చ, చాలా చిన్న నోరు ఉంటాయి. అదే రేకు అంచున ఎరుపో నారింజో కనిపిస్తే అది రెడియర్, నత్తలను నమిలి తినే చేప, అడుగున వేసిన ఎరకే పడుతుంది. నోరు పెద్దదిగా ఉండి, కంటి దగ్గర నుంచి చెంప మీదకు ముదురు గీతలు పరుచుకుని ఉంటే వార్‌మౌత్. క్రాపీలలో రెండు రకాలున్నాయి. వీపు మీద ముళ్ళు ఐదో ఆరో ఉండి, ఒంటి మీద నిలువు చారలుంటే తెల్ల క్రాపీ, ముళ్ళు ఏడో ఎనిమిదో ఉండి మచ్చలు చెదురుమదురుగా ఉంటే నల్ల క్రాపీ. క్రాపీ పెదవి కాగితమంత పలుచన, గట్టిగా లాగితే చిరిగి చేప జారిపోతుంది. ముళ్ళ సంగతికి వస్తే, చేతిని తల వైపు నుంచి వెనక్కి జరుపుతూ ముళ్ళను అణచి పట్టుకోవాలని అత్తయ్యగారు మా అబ్బాయికి నేర్పారు.

ఈ సరస్సులో మొసలి జాతికి చెందిన ఆలిగేటర్లున్నాయి. అందువల్ల తీసిన పేగులు, తలలు నీళ్ళలో వేయకూడదు. మేము వెంట తెచ్చుకున్న చెక్క మీద, క్యాన్‌లోని నీళ్ళతో శుభ్రం చేసి, చెత్తనంతా సంచిలో కట్టి డబ్బాలో పడేశాం. తోక నుంచి తల వైపుకు చెంచాతో గీస్తే పొలుసు సులువుగా లేస్తుంది. అత్తయ్యగారు ఆ తరువాత కళ్ళుప్పుతో రుద్ది, నీచు పూర్తిగా పోయేదాకా కడిగితే గానీ ఒప్పుకోలేదు. పెద్ద బాస్ చేపల్లో పాదరసం గురించి ఆరోగ్య శాఖ హెచ్చరిక ఉన్నందున, మా అబ్బాయి గేలానికి పడిన ఒక బాస్‌ను తిరిగి నీటిలోకి వదిలేశాం.

పార్కు బల్ల దగ్గర గ్యాస్ పొయ్యి పెట్టుకుని, ఇనుప పెనం మీద వేపుడు చేశాం. ఇక్కడివారు మొక్కజొన్న పిండి అద్దుతారు. మేము ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి, పైన బియ్యప్పిండి చల్లాం. బ్లూగిల్‌కు ఇరువైపులా దగ్గర దగ్గరగా గాట్లు పెడితే సన్నముళ్ళు నూనెలో కరకరలాడిపోతాయి. గాట్లు లేకుండా వేయిస్తే ప్రతి ముద్దకూ ముల్లు ఏరుకోవలసిందే. పక్క బల్ల మీది దంపతులు వాసన పట్టి వచ్చి రుచి చూసి, వాళ్ళ మొక్కజొన్న పిండి చేపలు నాలుగు మాకు ఇచ్చారు. అవీ బాగున్నాయి, కారం మాత్రం చాలదని అత్తయ్యగారి తీర్పు.

పులుసుకు క్రాపీ పనికిరాదు. దాని కండ మెత్తన కావడంతో ముక్క విరిగిపోతుంది. రెడియర్, బ్లూగిల్ గట్టిగా ఉంటాయి. ఉల్లిముద్ద వేగాక చింతపండు రసం పోసి, బాగా మరిగి నూనె తేలాకనే చేపలు వేయాలి, అంత చిన్న చేపకు పది నిమిషాలు మించకూడదు. గరిటె పెట్టకుండా గిన్నెను రెండు చేతులతో పట్టి తిప్పి, దించేముందు మెంతిపొడి వేయాలి. ఆ పులుసును మూతబెట్టి, ఐసు పెట్టెలో ఇర్వింగ్ దాకా తెచ్చుకుని, మరునాడు మధ్యాహ్నం వేడి చేసుకుని తిన్నాం. చాలాకాలం తరువాత అత్తయ్యగారు రెండోసారి అన్నం వడ్డించమని అడిగారు. ముళ్ళంటే భయపడే మా అబ్బాయి మాత్రం క్రాపీ వేపుడుతోనే సరిపెట్టుకున్నాడు, కనుక పిల్లలున్నవారు పట్టిన క్రాపీలను విడిగా ఉంచి వాళ్ళకే వేయించి పెట్టాలి.