జువైనల్ హోమ్‌లో చదువు, పని ఎట్లా నేర్పుతారు: మా మేనల్లుడు పది నెలలు ఉండి వచ్చాక

మా అక్క కొడుకు బైక్ దొంగతనం కేసులో హైదరాబాద్‌లోని ఒక హోమ్‌లో పది నెలలు ఉండి వచ్చాడు. ఏ హోమో, వాడి పేరేంటో రాయను. పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది. కానీ లోపల ఏం నేర్పుతారో చెప్పేవాళ్లు అప్పుడు మాకు ఒక్కరూ దొరకలేదు, అందుకే ఇదంతా.

జైల్లో వేస్తారేమోనని అక్క తిండి మానేసింది. కానీ పిల్లల కేసులు చూసేది జువైనల్ జస్టిస్ బోర్డు, అందులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయి ఉండాలి. ఆ మేడమ్ బైక్ సంగతి ఎత్తకముందే "బడి ఎందుకు మానేశావు నాన్నా?" అని అడిగింది. మేమెవరం ఆ మాట అడిగి ఉండలేదు.

చదువు విషయానికొస్తే, పేరు కూడా రాయడం రానివాడు, పదో తరగతి తప్పినవాడు ఒకే గదిలో కూర్చుంటారు, పైగా కేసు తేలగానే పిల్లలు వెళ్లిపోతుంటారు, కొత్తవాళ్లు వస్తుంటారు, సార్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అయినా మావాడి చేత తెలంగాణ ఓపెన్ స్కూల్ పదికి ఫీజు కట్టించింది ఆ సారే.

నాకు బాగా నచ్చింది ఎలక్ట్రికల్ పని. ఒకసారి ములాఖత్‌కి వెళితే వాడి గోళ్ల సందుల్లో వార్నిష్ నల్లగా పట్టి ఉంది. ఫ్యాన్ తిరగకుండా బుయ్యిమంటుంటే ముందు కెపాసిటర్ చూడాలి మామా, వైండింగ్ కాలితే వాసనే వేరే ఉంటది అని ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాడు. మూడేళ్లుగా వాడు నాతో అవును, కాదు తప్ప మాట్లాడింది లేదు. అక్క బయటికొచ్చి బస్టాపు దాకా ఏడుస్తూనే ఉంది.

దెబ్బతిన్నది బయటికొచ్చాకే. పని నేర్చుకున్న సర్టిఫికెట్ కోసం మూడు నెలలు తిరిగాం, పుస్తకాలు లోపలే ఉండిపోయాయి, ఎట్లా ఉన్నాడని ఒక్క ఫోన్ లేదు. పిల్లాడు రోడ్డు మీద పడేది సరిగ్గా ఆ నెలల్లోనే కదా, నాకు చాలా కోపం వచ్చింది. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి పిల్లాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి, విడుదలయ్యాక ఏం చేయాలో కూడా అందులో రాయాలి. మాకది చివర్లో తెలిసింది. మీరు మొదటి ములాఖత్‌లోనే అడగండి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, అప్పు చేయొద్దు. పెద్దవాళ్లలా విచారణకు పంపిన కేసులు తప్ప, ఈ కేసు వల్ల రేపు ఉద్యోగానికి అనర్హత ఉండదు. ఈ ఒక్క మాట ముందే తెలిసుంటే మా బావ వాడితో అన్ని రోజులు మాట్లాడకుండా ఉండేవాడు కాదు.

నేర్పే పనికి ఐదుకి నాలుగు ఇస్తాను. బయటికొచ్చాక పట్టించుకోవడానికి ఒకటే.

ఇప్పుడు మా బస్తీలోనే ఒక వైండింగ్ షాపులో చేస్తున్నాడు, పదిలో ఇంకా లెక్కలు ఒక్కటే మిగిలింది.