కార్బైడ్ గన్: పండుగ సంతలో దొరికే ప్లాస్టిక్ తుపాకీపై సమీక్ష

దీపావళి దగ్గర పడేసరికి హైదరాబాద్‌లో తోపుడు బండ్ల మీద, వారపు సంతల్లో తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలతో చేసిన తుపాకీ ఒకటి అమ్మకానికి వస్తోంది. నూట యాభై, రెండు వందల రూపాయలకు దొరికే దీన్ని కొందరు కార్బైడ్ గన్ అంటారు, కొందరు కోతుల గన్ అంటారు. చేలల్లో పడే కోతులను, అడవిపందులను చప్పుడుతో బెదరగొట్టడానికి రైతులు వాడే సాధనమే ఇప్పుడు పిల్లల ఆటవస్తువుగా నగరం చేరింది. హైస్కూలు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవాడిని కనుక మా కాలనీలో ఒకాయన తన కొడుక్కి కొన్న గన్‌ను నా దగ్గరికి తెచ్చి, ఇది ఇవ్వవచ్చా అని అడిగారు. పేల్చి చూడకుండా, దాని భాగాలను మాత్రమే పరిశీలించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇవ్వకూడదు, కొననే కూడదు అన్నది నా అభిప్రాయం.

గొట్టం మీద అచ్చయిన అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. వాటిలో ఐఎస్ 4985 అన్న అంకె స్పష్టంగా కనిపిస్తోంది. అది మంచినీటి సరఫరాకు వాడే పీవీసీ పైపుల ప్రమాణం. వెనకవైపు గ్యాస్ పొయ్యి వెలిగించే మామూలు లైటర్‌ను దూర్చి, చుట్టూ జిగురు పట్టించారు. తయారుచేసినవారి పేరు గానీ, చిరునామా గానీ, వాడే పద్ధతి చెప్పే చీటీ గానీ, ఏ వయసు పిల్లలకు ఇవ్వకూడదన్న హెచ్చరిక గానీ ఎక్కడా లేవు. దానితోపాటు న్యూస్‌పేపర్ ముక్కలో పొట్లం కట్టి ఇచ్చిన బూడిదరంగు రాళ్లను విప్పగానే వెల్లుల్లిని పోలిన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. పండ్లను మగ్గబెట్టడానికి వాడకూడదని ప్రభుత్వం నిషేధించిన కాల్షియం కార్బైడ్ ఇదే. దీని నిల్వకూ అమ్మకానికీ 1987 నుంచి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. అలాంటి పదార్థాన్ని పల్లీల పొట్లంలా పిల్లల చేతికి అందించడమే ఈ వస్తువులోని మొదటి తప్పు.

కార్బైడ్‌కు నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, వేడి పుడుతుంది, సున్నం మిగులుతుంది. వెల్డింగ్ షాపుల్లో ఇనుమును కోయడానికి వాడేది ఈ వాయువునే. గన్‌లో రాళ్లు, నీళ్లు వేసి లైటర్ నొక్కినప్పుడు పేలేదీ ఇదే. వంటగ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం వరకు కలిసినప్పుడే అంటుకుంటుంది; ఎసిటిలీన్ మాత్రం 2.5 శాతం నుంచి దాదాపు 80 శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా అంటుకోగలదు. కాబట్టి కొంచెమే వేశాను, ఏమీ కాదు అనే లెక్క ఇక్కడ పనికిరాదు. లోపల ఎంత వాయువు చేరిందో బయటి నుంచి చూసి చెప్పగలిగినవారు లేరు. నీటి ఒత్తిడిని తట్టుకోవడానికి చేసిన పీవీసీ ఒక్కసారిగా వచ్చే పేలుడు ఒత్తిడికి సాగదు, పెళుసుగా పగిలి ముక్కలై నలువైపులా ఎగురుతుంది.

అయితే దీనిలో అన్నిటికన్నా భయంకరమైన లోపం వేరే ఉంది. లైటర్ నొక్కినప్పుడల్లా ఇది పేలదు. పేలకపోతే పిల్లవాడు ఏం చేస్తాడు? గొట్టాన్ని తనవైపు తిప్పుకొని లోపలికి తొంగి చూస్తాడు. అదే సమయానికి పేలితే మంట, వేడి వాయువు, కరగని కార్బైడ్ రవ్వలు, సున్నం అన్నీ కలిసి నేరుగా కంట్లోకి వెళతాయి. సున్నం క్షారం కావడంతో గాయం అక్కడితో ఆగదు, నల్లగుడ్డు పైపొరను దాటి లోలోపలికి తినేస్తూ పోతుంది. 2025 దీపావళి రోజుల్లో భోపాల్‌తో సహా మధ్యప్రదేశ్‌లో వందమందికి పైగా ఈ గన్‌ల వల్ల కళ్లకు గాయాలై ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది పిల్లలు, కొందరికి చూపే పోయింది.

ఇందులో మందుగుండు లేదు కాబట్టి సేఫ్ అని అమ్మేవాళ్లు చెబుతారు. మందుగుండు లేని మాట నిజమే, పేలుడు మాత్రం ఉంది. ఇంట్లోనే మతాబులు, సిసింద్రీలు కట్టుకునే అలవాటు మన ఊళ్లలో చాలాకాలం ఉండేది కనుక ఇలాంటి ప్రయోగాలను పెద్దలు కూడా తేలిగ్గా తీసుకుంటారు. 2024 దీపావళి రోజున ఏలూరులో ఉల్లిపాయ బాంబులనే టపాసులను స్కూటర్ మీద తీసుకెళుతుండగా, బండి గోతిలో పడిన అదురుకే అవి పేలి ఒక మనిషి ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. అగ్గిపుల్ల గీయనే లేదు. యూట్యూబ్ వీడియో చూసి డాబా మీద ఇంకా పొడుగు గొట్టంతో, ఇంకా పెద్ద చప్పుడు కోసం ప్రయత్నించే కుర్రాళ్ల తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న కాకరపువ్వొత్తి కూడా చెయ్యి కాలుస్తుంది. కానీ దాని డబ్బా మీద తయారీదారు పేరు, జాగ్రత్తలు ఉంటాయి. టపాసుల శబ్దానికి చట్టం ఒక హద్దు పెట్టింది. ఈ గన్‌కు అవేవీ లేవు.

ఎవరి కంట్లోనైనా ఈ కార్బైడ్ గానీ, సున్నం గానీ పడితే కన్ను నలపనివ్వకండి. రెప్పల మీద, ముఖం మీద ఉన్న పొడిని పొడిగుడ్డతో చప్పున దులిపి, వెంటనే కన్ను తెరిచి ఉంచి, శుభ్రమైన నీటిని కనీసం ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. పాలు, నెయ్యి, ఇంట్లో ఉన్న చుక్కలమందు ఏదీ వేయకూడదు. ఆ తర్వాత తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి గానీ, బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి గానీ తీసుకెళ్లాలి. సరోజినీదేవి ప్రభుత్వ ఆసుపత్రి. దీపావళి రాత్రి గాయాలతో వచ్చేవారికి అక్కడి డాక్టర్లు ఏటా చికిత్స చేస్తూనే ఉన్నారు.

ఇప్పటికే కొని ఇంట్లో పెట్టుకున్నవారు కార్బైడ్ రాళ్లను సింకులో, డ్రైనేజీలో, తడిచెత్త బుట్టలో పారేయకూడదు. నీరు తగిలిన చోటల్లా ఎసిటిలీన్ పుట్టి, మూతపెట్టిన మ్యాన్‌హోల్‌లో చేరి, ఎవరో పారేసిన బీడీ ముక్కకు అంటుకోవచ్చు. వాటిని తడి లేని డబ్బాలో, పొయ్యికీ పిల్లలకూ దూరంగా ఉంచి, 101కు ఫోన్ చేసి ఫైర్ స్టేషన్ వారిని సలహా అడగండి. గన్‌లో ఇప్పటికే రాళ్లు, నీళ్లు వేసి ఉంటే దాన్ని విప్పే ప్రయత్నం చేయకుండా, గొట్టం మూతి వైపు ఎవరూ వెళ్లకుండా చూసి, ముందుగా ఆ ఫోనే చేయండి.