‘ది ఎటర్నల్ మెమరీ’: గొంతు వినిపించింది, జాగ్రత్తలు దాటేసింది

అల్జీమర్స్‌తో మరుపులో పడి, తెల్లారి లేచిన భర్తకి తనెవరో పరిచయం చేసుకుంటుంది పౌలీనా. గొంతులో జాలి లేదు, కంగారూ లేదు. కొత్తగా దిగిన పక్కింటాయనతో మాట కలిపినంత మామూలుగా ఉంటుంది. చిలీ దర్శకురాలు మైతే ఆల్బెర్డి 2023లో విడుదల చేసిన ఈ డాక్యుమెంటరీలో నేర్చుకోవలసినది ముందుగా ఆ గొంతే.

ఆ భర్త, ఆగుస్తో గొంగోరా, టీవీ జర్నలిస్టు. చిలీ సైనిక పాలకుడు పినోచే నియంతృత్వంలో చాటుమాటుగా వీడియో వార్తలు తయారుచేసిన ‘తెలెఅనాలిసిస్’లో పనిచేశారు. పౌలీనా ఉర్రూతియా నటి, 2006 నుంచి 2010 దాకా సంస్కృతి శాఖ చూసిన మంత్రి. 2014లో ఆగుస్తోకి అల్జీమర్స్ అని తేలింది, 2023 మేలో కన్నుమూశారు. దేశం జ్ఞాపకాన్ని కాపాడినాయనకే మరుపు వచ్చిందన్న మాట ప్రతి సమీక్షలోనూ ఉంటుంది. మనిషిని చూసుకునేవాళ్ళకి అంతకన్నా పనికొచ్చేది ఇంట్లో జరిగేదే.

కోవిడ్ రోజుల్లో షూటింగ్ బృందం లోపలికి రాలేకపోతే పౌలీనాయే కెమెరా పట్టింది. ఫోకస్ తప్పిన ఆ ముక్కలే సినిమాకి ప్రాణం. ఆయన తన ప్రతిబింబాన్ని ఎవరో స్నేహితుడనుకుని మాట్లాడే సన్నివేశం ఉంది. జబ్బు ముదిరేకొద్దీ ముఖాలు గుర్తుపట్టే శక్తి తగ్గుతుంది, ఒక్కోసారి సొంత ముఖమూ అందులో పోతుంది. ఆ ‘మనిషి’తో కబుర్లు నడుస్తుంటే కదిలించక్కర్లేదు. భయపడితే మాత్రం అద్దానికి గుడ్డ కప్పాలి, చీకటి పడకముందే లైట్లు వేసి కర్టెన్లు మూసేయాలి. రాత్రిపూట కిటికీ గాజు కూడా అద్దమే. సినిమా ఇవేవీ చెప్పదు.

తన పుస్తకాల గురించి ఆయన బెంబేలెత్తిపోయే ఘట్టం చూడటం కష్టం. ఇలాంటప్పుడు ‘ఎవరూ తీసుకెళ్ళలేదు, చూడు’ అని రుజువులు చూపించినా పని జరగదు. చెప్పిన మాట నిమిషంలో జారిపోతుంది, భయం మాత్రం ఒంట్లో ఉండిపోతుంది. ముందు ఆ భయానికి జవాబు చెప్పాలి, తర్వాత ఒక పుస్తకం చేతిలో పెట్టాలి.

ఒక్క విషయంలో పేచీ ఉంది. పౌలీనా అప్పుడప్పుడు ‘గుర్తుందా?’ అని అడుగుతుంది. ఆయన హుషారుగా ఉన్నప్పుడు అది ఆటలాగే సాగుతుంది. అది చూసి ఇంట్లో అనుకరిస్తే దెబ్బతింటారు. ‘నేనెవర్ని?’ అన్నది పరీక్ష, జవాబు రాకపోతే సిగ్గు, ఆ వెనకే కోపం. పేరు, వరస మనమే ముందు చెప్పేస్తే సరిపోతుంది. రిహార్సల్స్‌కి ఆయన్ని వెంటబెట్టుకెళ్ళడం మాత్రం కళ్ళకద్దుకోవలసిన పద్ధతి. భార్య తన పని మానలేదు, ఆయన నలుగురిలో ఉన్నారు.

ఇక లేనివి. స్నానం కనిపిస్తుంది, ఎలా చేయించాలో కనిపించదు. నీళ్ళు ముందే పట్టి వేడి చూసుకోవాలి, జారని చాప వేయాలి, భుజాల మీద తువ్వాలు ఉంచి పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. తల మీద ఒక్కసారిగా నీళ్ళు పడితేనే గొడవ మొదలవుతుంది. మందుల ఊసు దాదాపు లేదు. అల్జీమర్స్‌కి ఇచ్చే డోనెపెజిల్ అనే మందుని మామూలుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 4 నుంచి 6 వారాల తర్వాత 10కి పెంచుతారు. అది జబ్బుని ఆపదు. రాత్రి వేసుకుంటే కొందరికి పీడకలలు వస్తాయి, అలాగైతే డాక్టర్ని అడిగి పొద్దుటికి మార్చుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటి: ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా అయోమయంలో పడితే అది అల్జీమర్స్ ముదరడమని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలైన మందు, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉండవచ్చు. అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఎడిటింగ్‌లో నెలలు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి ఈ తేడా ప్రేక్షకుడికి అందదు.

అమెరికాలో జరిగే సండాన్స్ చిత్రోత్సవంలో విదేశీ డాక్యుమెంటరీల గ్రాండ్ జ్యూరీ బహుమతి, ఆస్కార్ నామినేషన్ రెండూ న్యాయంగా వచ్చినవే. గంటన్నర లోపు సినిమా. జబ్బు ఈమధ్యే తేలిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మాత్రం చూడకండి, చివరి భాగం ఆయనకి తన రేపటిలా కనిపిస్తుంది. మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో చూడండి. రెండోసారి అవి తీసేసి, పౌలీనా మాట మొదలుపెట్టే ముందు ఎటు నుంచి దగ్గరికొస్తోందో, చేతులు ఎక్కడ పెడుతోందో చూడండి.