ఎలిక్సిర్ మిక్స్‌లో డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్ సెట్టింగులు: ఐదు యాసంగులు వాడాక

ముందే చెప్తున్నా, ఇది మిక్స్ మొత్తానికి సమీక్ష కాదు. ఎలిక్సిర్ భాషతో పాటే వచ్చే బిల్డ్ టూల్ పేరు మిక్స్, ప్రాజెక్టు మొదలుపెట్టడం దగ్గర్నుంచి కంపైల్, టెస్టులు, రిలీజ్ దాకా అన్నీ దాంతోనే. అందులో ఒక్క మూల గురించే రాస్తున్నా: ఏ కమాండ్ ఏ ఎన్విరాన్‌మెంట్‌లో నడవాలో ప్రాజెక్టు ఫైల్లో ముందే రాసి పెట్టుకునే సెట్టింగు. ఆరు లైన్లు ఉంటుందేమో. అది పెట్టుకోక నేను తిన్న దెబ్బ మాత్రం పెద్దది.

ఉండేది నల్లగొండలో. మిర్యాలగూడ వైపు నాలుగు రైస్ మిల్లులకి సాఫ్ట్‌వేర్ చేసి చూసుకుంటున్నా. లారీ కాంటా ఎక్కితే బరువు, వడ్ల తేమ, బస్తాల లెక్క, హమాలీ, తరుగు, చివరికి స్లిప్. వెనక ఫీనిక్స్ అనే ఎలిక్సిర్ వెబ్ ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. 2021 యాసంగిలో మొదటి మిల్లులో పెట్టా, అప్పటి నుంచి ఏ సీజన్‌లోనూ ఆపలేదు.

తెలియని వాళ్ల కోసం కొంచెం. మిక్స్‌లో మామూలుగా మూడు ఎన్విరాన్‌మెంట్లు, అంటే దేనికది వేరే సెట్టింగులు, వేరే డేటాబేస్: డెవ్ (కోడ్ రాసుకునేటప్పుడు), టెస్ట్ (టెస్టులకి), ప్రాడ్ (అసలు వాడకానికి). మనం ఏమీ చెప్పకపోతే డెవ్. మిక్స్ టెస్ట్ అని కొడితే మాత్రం తనే టెస్ట్‌లోకి వెళ్తుంది. వేరే ఏదైనా కావాలంటే కమాండ్ ముందు మిక్స్_ఎన్వ్ అనే వేరియబుల్‌కి ప్రాడ్ అనో టెస్ట్ అనో విలువ ఇచ్చి నడపాలి. రోజుకి ఇరవై సార్లు అది టైప్ చేయడం ఎవరికైనా విసుగే. ఆ విసుగులోనే నేను తప్పు చేశా.

2022 యాసంగి. అప్పటికి నాకు రిలీజులు (యాప్ మొత్తాన్ని కంపైల్ చేసి కట్టే రెడీ ప్యాకేజీలు) కట్టడం అలవాటు లేదు, కోడ్‌ని సర్వర్ మీదకే లాగి అక్కడే కంపైల్ చేసి నడిపేవాణ్ణి. ప్రతిసారీ మిక్స్_ఎన్వ్ రాయలేక సర్వర్‌లో షెల్ ఫైల్లో ప్రాడ్ అని ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రతి కమాండ్‌కీ అదే వర్తించేలా పెట్టి పారేశా, డేటాబేస్ అడ్రస్ కూడా అదే ఫైల్లో. ఒక రాత్రి తేమ లెక్కలో చిన్న తప్పుంటే సరిదిద్ది, సర్వర్‌లో కోడ్ లాగి, రీస్టార్ట్ చేసే ముందు ఎందుకైనా మంచిదని అక్కడే మిక్స్ టెస్ట్ కొట్టా. సాండ్‌బాక్స్ పూల్ (టెస్టులు వాడే డేటాబేస్ కనెక్షన్ల ఏర్పాటు) లేదు, కాన్ఫిగర్ చేయండి అని ఎర్రగా ఒక ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. సర్వర్ మీద టెస్టులకి సెటప్ లేదులే, పొద్దున ల్యాప్‌టాప్‌లో చూద్దాం అనుకుని పడుకున్నా.

పొద్దున ఆరింటికి గుమాస్తా అన్న ఫోన్. "తమ్మీ, కాంటా మీద బండి నిలబడ్డది, స్లిప్ వస్తలేదు. ఎన్కల పది లారీలున్నయ్, డ్రైవర్లు నా మీదికొస్తున్రు."

"ఐదు నిమిషాలు అన్నా, చూస్తున్నా" అన్నా. గంటన్నర పట్టింది. అంతసేపూ ఆయన కార్బన్ పెట్టిన పుస్తకంలో చేత్తో స్లిప్పులు రాసిచ్చాడు.

జరిగింది ఇదీ. ఫీనిక్స్ కొత్త ప్రాజెక్టు ఇచ్చినప్పుడు టెస్ట్ అనే పేరుతోనే ఒక ఏలియస్ (కొన్ని కమాండ్లకి కలిపి పెట్టిన ఒకే పేరు) రాసి ఇస్తుంది: ముందు డేటాబేస్ లేకపోతే సృష్టించు, తర్వాత మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుళ్లని మార్చే ఫైళ్లు) నడుపు, ఆ తర్వాతే టెస్టులు. టెస్ట్ డేటాబేస్ మీద నడిచినంత కాలం చాలా మంచి ఏర్పాటు. కానీ షెల్‌లో ప్రాడ్ ఎక్స్‌పోర్ట్ అయి ఉంది కాబట్టి మొదటి రెండు పనులూ అసలు డేటాబేస్ మీద నడిచాయి. నేను లాగిన కోడ్‌లో అప్పటికి నడపని మైగ్రేషన్ ఒకటుంది. పాత తరుగు కాలమ్‌ని తేమ తరుగు, తాలు తరుగు అని రెండుగా విడగొట్టి పాతదాన్ని తీసేసేది. అది పూర్తయ్యాకే మూడో మెట్టు దగ్గర టెస్టులు పడిపోయాయి. నడుస్తున్న యాప్ మాత్రం పాతదే, ప్రతి స్లిప్‌కీ తరుగు కాలమ్ అడుగుతోంది, అదేమో లేదు. అంటే నేను చూసిన ఎర్రర్ చివరిది, జరగాల్సింది అంతకుముందే జరిగిపోయింది.

మైగ్రేషన్ ఎప్పుడు నడిచిందా అని డేటాబేస్‌లో మైగ్రేషన్ల టేబుల్ తీసి చూస్తే 18:22 అని ఉంది. ఆ టైముకి నేను మిర్యాలగూడ నుంచి వచ్చే బస్సులో ఉన్నా, ల్యాప్‌టాప్ బ్యాగ్‌లోంచి తీయనే లేదు. ఎవరైనా సర్వర్‌లోకి దూరారా అని పది నిమిషాలు టెన్షన్. తర్వాత తట్టింది, ఆ టైము యూటీసీ. ఐదున్నర గంటలు కలిపితే రాత్రి 11:52. దూరింది నేనే. 11 గంటలకి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి కాలమ్ మళ్లీ పెట్టి విలువలు నింపగలిగా.

ఇక్కడ మిక్స్‌ని తిట్టాలా వద్దా అంటే, సగం తిట్టొచ్చు. డెవ్‌లో ఉండగా వేరే కమాండ్ లోపల నుంచి టెస్ట్ నడపబోతే మిక్స్ ఆపుతుంది, నువ్వు డెవ్‌లో ఉన్నావు అని వివరంగా చెప్తుంది. కానీ మిక్స్_ఎన్వ్‌ని మనమే సెట్ చేసి ఉంటే, తెలిసే చేశాడులే అని నోరు మూసుకుంటుంది. ఆ వేరియబుల్ మాట అన్నిటికంటే పైన. ఫైల్లో రాసుకున్న ఏ సెట్టింగునైనా అది కొట్టేస్తుంది. ఈ ఒక్క సంగతి నాకు ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ రోజు సాయంత్రమే ఎక్స్‌పోర్ట్ లైన్ తీసేసి, ప్రాజెక్టు ఫైల్లో ఏ టాస్క్‌కి (మిక్స్ కమాండ్‌కి) ఏ ఎన్విరాన్‌మెంట్ అని రాసుకోవడం మొదలుపెట్టా. అప్పట్లో అది ప్రాజెక్ట్ ఫంక్షన్ లోపలే, ప్రిఫర్డ్ సీఎల్ఐ ఎన్వ్ అనే పేరుతో ఉండేది. 2023లో ఎలిక్సిర్ 1.15 వచ్చాక దానికి సీఎల్ఐ అని వేరే ఫంక్షన్ ఇచ్చారు, పేరు ప్రిఫర్డ్ ఎన్వ్స్ అయింది. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. కమాండ్ లైన్‌కి సంబంధించినవన్నీ ఒక్క చోట ఉండటం నాకు నచ్చింది, ఫైల్ తెరిస్తే వెంటనే కనపడతాయి.

నా దాంట్లో ఇప్పుడు ఉన్నవి: రిలీజ్‌కి ప్రాడ్, అసెట్స్ డిప్లాయ్‌కి ప్రాడ్, చెక్ అనే నా సొంత ఏలియస్‌కి టెస్ట్. ఈ చెక్ గురించి కొంచెం చెప్పాలి. ఫార్మాట్ సరిగ్గా ఉందా, క్రెడో (కోడ్ తీరుని తనిఖీ చేసే టూల్) ఏమంటుంది, టెస్టులు పాసవుతాయా, మూడూ ఒకే దెబ్బకి చూసే ఏలియస్ అది. మొదటిసారి నడిపినప్పుడు మొదటి రెండూ అయ్యి టెస్టుల దగ్గర ఆగిపోయింది, ఎందుకంటే బయట నుంచి కొట్టిన పేరు చెక్, చెక్‌కి ఏ ఎన్విరాన్‌మెంటో ఎవరూ చెప్పలేదు కాబట్టి డెవ్‌లో మొదలైంది, మధ్యలో టెస్ట్ వచ్చినా అప్పటికే బండి డెవ్ దారిలో ఉంది. చెక్‌కి టెస్ట్ అని ఒక్క లైన్ రాస్తే అయిపోయింది. అయితే క్రెడో డిపెండెన్సీని డెవ్‌కి మాత్రమే అని పెట్టుకుని ఉంటే అప్పుడు అది దొరకదు, డెవ్, టెస్ట్ రెండూ రాయాలి. ఫీనిక్స్ 1.8లో ప్రీకమిట్ అనే ఏలియస్‌ని, దానికి టెస్ట్ అనే ఈ లైన్‌ని వాళ్లే రాసి ఇస్తున్నారు. కొత్తవాళ్లు అదృష్టవంతులు.

డిఫాల్ట్ టాస్క్ కూడా వాడుతున్నా. ఉత్త మిక్స్ అని కొడితే సర్వర్ లేచేలా పెట్టుకున్నా. ప్రాణానికి హాయి.

డిఫాల్ట్ ఎన్వ్, అంటే ఏమీ చెప్పకపోతే ఏ ఎన్విరాన్‌మెంటో మార్చే సెట్టింగు, మాత్రం నాకు పడలేదు. నా ల్యాప్‌టాప్ 8 జీబీది, డెవ్‌కి ఒకసారి, టెస్ట్‌కి ఒకసారి లైబ్రరీలన్నీ విడివిడిగా కంపైల్ అవుతాయి, బిల్డ్ ఫోల్డర్‌లో దేనికది వేరే గూడు. కొత్త లైబ్రరీలు అప్‌డేట్ చేసిన రోజు క్లాక్ టవర్ దాకా వెళ్లి చాయ్ తాగి రావచ్చు. రెండెందుకు, అన్నీ టెస్ట్‌లోనే నడిపిద్దాం అని డిఫాల్ట్ టెస్ట్ పెట్టి చూశా. సర్వర్ లేపితే పోర్టు తెరుచుకోదు, టెస్ట్ కాన్ఫిగ్‌లో సర్వర్ వద్దని రాసి ఉంటుంది. అది మార్చితే కోడ్ మార్పులు వాటంతట అవి రావు, లాగ్‌లో మామూలు మెసేజ్ ఒక్కటీ కనపడదు. మూడు రోజుల్లో వెనక్కి తిరిగా. దీన్ని ప్రాడ్ అని పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే పైన ఉన్న లారీల కథ ఇంకోసారి చదవండి.

మిల్లుకి పంపే ముందు పరీక్షించడానికి స్టేజింగ్ అని నాలుగో ఎన్విరాన్‌మెంట్ సృష్టించిన తప్పు కూడా చేశా. మిక్స్ వద్దనదు, ఏ పేరిచ్చినా తీసుకుంటుంది. కానీ ఆ పేరుతో కాన్ఫిగ్ ఫైల్ లేదని మొదట ఆగింది. ప్రాడ్ ఫైల్‌ని కాపీ కొట్టి పెట్టా. నెల తర్వాత ప్రాడ్‌లో మార్చిన లైన్ స్టేజింగ్‌లో మార్చలేదు, ప్రాడ్ అయితేనే అని కోడ్‌లో రాసినవి ఏవీ అక్కడ పనిచేయవు. అంటే స్టేజింగ్‌లో పరీక్షించింది ఒకటి, మిల్లుకి వెళ్లేది ఇంకొకటి. తీసేశా. ఇప్పుడు రెండు చోట్లా ఒకే ప్రాడ్ రిలీజ్, డేటాబేస్ అడ్రస్, హోస్ట్ పేరు లాంటివి రన్‌టైమ్ కాన్ఫిగ్ ఫైల్ నుంచి వస్తాయి. ఎలిక్సిర్ 1.11 నుంచీ ఆ ఫైల్ ఉంది, నేనే వాడలేదు.

రిలీజులకి మారినప్పుడు ఇంకో చిన్న దెబ్బ. ఇంట్లో కాంటా ఉండదు కదా, డెవ్‌లో ఉంటే ఉత్తుత్తి బరువు 12,340 కిలోలు చూపించు అని ఫంక్షన్ లోపల మిక్స్‌నే అడిగే లైన్ రాశా, ఏ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నామని. రిలీజ్‌లో మిక్స్ ఉండదు. ఆ ఫంక్షన్ మిల్లులో పిలవగానే అసలు మిక్స్ అనే మాడ్యూలే లేదని పడిపోయింది. మంచికి అది మధ్యాహ్నం, హమాలీలు అన్నం తినే టైము. ఇప్పుడు ఆ ప్రశ్న కాన్ఫిగ్‌ని అడుగుతున్నా.

రిలీజ్ కట్టే డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని విడిగా ఒక డబ్బాలో నడిపే టూల్) లోపల మాత్రం మిక్స్_ఎన్వ్‌ని వేరియబుల్‌గానే ఉంచా, ఎందుకంటే అక్కడ లైబ్రరీల కంపైల్ వేరే మెట్టు, రిలీజ్‌కి రాసుకున్న లైన్ దానికి వర్తించదు, మర్చిపోతే లైబ్రరీలు డెవ్‌లో ఒకసారి, ప్రాడ్‌లో ఇంకోసారి కంపైల్ అవుతాయి. ఆ డబ్బా లోపల ఎవరూ టెస్ట్ కొట్టరు కాబట్టి భయం లేదు.

మార్కులు అడిగితే ప్రిఫర్డ్ ఎన్వ్స్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఆ అర ఎందుకు కోశానంటే, టాస్క్ పేరు తప్పు రాసినా అది ఏమీ అనదు. అసెట్స్ డిప్లాయ్ లాంటి చుక్క ఉన్న పేర్లని కోట్స్‌లో పెట్టాలి, నేను కోట్స్ పెట్టా గానీ డిప్లాయ్‌లో ఒక అక్షరం మింగేశా. హెచ్చరిక లేదు, ఎర్రర్ లేదు. రెండు వారాలు ఆ టాస్క్ డెవ్‌లోనే నడిచింది.