మైక్ ఆటోకు ఆడియో చేయించుకునేవాళ్ల కోసం: నల్లగొండలో ఒక స్టూడియోతో మా అనుభవం

గొంతు బాగుంది, ధర ఫర్వాలేదు, మ్యూజిక్ మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేయకండి. తొందరలో ఉన్నవాళ్లకు ఇంతవరకు చాలు. టైం ఉన్నవాళ్లు మిగతాది కూడా చదవండి. మొన్నటి బతుకమ్మ సీజన్‌లో మా షాపు పేరు ఊళ్లోని వాట్సాప్ గ్రూపుల్లో "చావు డప్పు మ్యాచింగ్ సెంటర్" అని తిరిగింది. కారణం అర నిమిషం కూడా లేని ఒక డప్పు ట్రాక్.

స్టూడియో పేరు రాయను. ఊళ్లో ఇలాంటివి కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి అనుకోండి. పై అంతస్తులో ఒకటే గది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, వాటి మీద నల్లగుడ్డ కొట్టారు. రికార్డింగ్ మొదలైతే ఫ్యాన్ బంద్ చేస్తారు కాబట్టి చేతిరుమాలు తీసుకెళ్లండి. నలభై ఐదు సెకన్ల ప్రకటనకు వాయిస్, మ్యూజిక్, మిక్సింగ్ అన్నీ కలిపి మా దగ్గర 3,000 తీసుకున్నారు. పాట కట్టి పాడించాలంటే 6,000 నుంచి మొదలు. ఆటో ఖర్చు వేరే: డ్రైవర్, డీజిల్, మైక్ సెట్టుతో రోజుకు 1,500. ఫైల్ వాట్సాప్‌లో పంపుతారు, అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తారు. చెప్పిన రోజుకే ఇచ్చారు, అది ఒప్పుకోవాలి.

మాది ప్రకాశం బజారు వైపు మ్యాచింగ్ సెంటర్. లైనింగులు, ఫాల్స్, బ్లౌజు ముక్కలు, పీకో. పక్క మడిగె కూడా తీసుకుని షాపు పెద్దది చేశాం కాబట్టి ఎంగిలిపూల బతుకమ్మకు ముందే తిప్పర్తి, కనగల్ దాకా ఆటో తిప్పాలనుకున్నాం.

ముందుగా మంచి సంగతి. గొంతు ఇచ్చిన అమ్మాయి ఇంకా డిగ్రీ చదువుతోంది. స్టూడియో వాళ్లు రాసిచ్చిన కాగితంలో "మహిళామణులకు శుభవార్త" అని ఉంది. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివి, "అక్కా, ఇట్ల ఎవరు మాట్లాడుతరు?" అని నన్నే అడిగి, అక్కడికక్కడే మార్చేసింది: "అక్కా, చీర కొన్నరా? మరి లైనింగు?" అంతే. తర్వాత షాపు పేరు, ఎక్కడుందో గుర్తు. ఆ "మరి లైనింగు?" అనే చోట ఆమె ఆపిన తీరు ఉంది చూడండి, దానికి డబ్బులు ఇవ్వొచ్చు. ఇప్పటికీ షాపులోకి వచ్చే పిల్లలు ఆ మాట అని నవ్వుతారు.

గొడవంతా మ్యూజిక్ దగ్గర మొదలైంది. ఓనరు మాకు మూడు రకాలు చూపించాడు.

మొదటిది, సినిమా పాట ట్యూన్‌లో మా షాపు పేరు పెట్టి పాడించడం. "ఆ సింగర్ లెక్కనే పాడే అమ్మాయి ఉన్నది మేడమ్, కండ్లు మూస్కుంటే తేడా తెల్వదు" అన్నాడు. నేను మహాత్మాగాంధీ యూనివర్సిటీలో ఎంబీఏ చేసేటప్పుడు చదువుకున్న కేసు ఒకటి వెంటనే గుర్తొచ్చింది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ కారు ప్రకటన కోసం బెట్ మిడ్లర్ అనే గాయనిని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. ఏజెన్సీ వాళ్లు అంతకుముందు ఆమె వెనక కోరస్ పాడిన అమ్మాయినే పట్టుకుని, అచ్చం ఆమెలాగే పాడించారు. పాట హక్కులకు డబ్బు కట్టారు, మిడ్లర్ పేరు గానీ బొమ్మ గానీ ఎక్కడా వాడలేదు. అయినా 1988లో కోర్టు ఆమె వైపే నిలిచింది. పేరున్న గాయని గొంతును కావాలని అనుకరించి సరుకు అమ్ముకోవడం తప్పంది. తర్వాత ఆమెకు 4 లక్షల డాలర్లు వచ్చాయి. మన దగ్గర ఊరూరా ఆటోల్లో పేరడీలు మోగుతూనే ఉన్నాయి, పట్టించుకునేవాళ్లు లేరు గనుక నడుస్తోంది. ట్యూన్ వాడాలంటే హక్కుదారుల అనుమతి కావాలని మన కాపీరైట్ చట్టం కూడా చెబుతుంది. "పర్మిషన్ ఉందా?" అని అడిగితే ఓనరు నవ్వాడు. వద్దన్నాం.

రెండోది వినగానే మా ఆయన కుర్చీలోంచి లేచాడు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి పాట ట్యూన్ పెడదామట! "నల్లగొండల గది మోగితే ఆగనోడు ఉండడు సార్" అని ఓనరు ధీమా. ఆగుతారు, నిజమే. ఎందుకు ఆగుతారో అతనికి పట్టలేదు. ఈ జిల్లాలో ఆ పాట వింటే తాతనో పెదతాతనో తలుచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాని కింద ఫాల్స్ మీద పది శాతం తగ్గింపు చెప్పించమంటాడు. ఇదేదో మన ఊరి సెంటిమెంటు మాత్రమే అనుకోకండి. 1987లో నైకీ బూట్ల ప్రకటనకు బీటిల్స్ అనే ఇంగ్లండు బ్యాండు వాళ్ల 'రివల్యూషన్' పాట అసలు రికార్డింగునే వాడారు. ఆ బ్యాండులోని జాన్ లెనన్ 1968లో రాసిన పాట అది, అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు దాటింది. నైకీ లైసెన్సు తీసుకునే వాడింది. అయినా బీటిల్స్ సొంత కంపెనీ యాపిల్ కోటిన్నర డాలర్లకు దావా వేసింది, మా కాలం పాటతో బూట్లు అమ్ముతారా అని అభిమానులు మండిపడ్డారు. కేసు చివరికి బయటే సర్దుకుంది. ప్రకటన మాత్రం అందరికీ తెలిసిపోయింది, కాబట్టి నైకీ నష్టపోయిందని నేను అనను. అంత పెద్ద కంపెనీ తిట్లు తిని కూడా బతుకుతుంది. బజారులో రెండు మడిగెల షాపు బతకదు.

మూడోది డప్పు. ఊరి వాసన వస్తుందన్నాడు, మాకూ నచ్చింది. అమ్మాయి గొంతు కింద సన్నగా పెట్టి వినిపించాడు, స్పీకర్లలో చక్కగా ఉంది. సరేనన్నాం.

ఇక్కడ ఒక సంగతి మైక్ ఆటో పెట్టించే వాళ్లందరికీ చెప్పాలి. స్టూడియో స్పీకర్లో విన్నది ఆటో మీది హారన్లలో అలా వినపడదు. రికార్డు ఒకసారి అయిపోయి మళ్లీ మొదలయ్యేలోపు, మాట లేకుండా మ్యూజిక్ ఒక్కటే కాసేపు మోగుతుంది. పైగా రెండు గల్లీల అవతల ఉన్నవాళ్లకు మాట ముద్దగా అయిపోతుంది, "చీర" అన్నామో "సీటు" అన్నామో తెలియదు, దరువు మాత్రం స్పష్టంగా అందుతుంది. అంటే ఊళ్లో సగం మందికి మా ప్రకటన అంటే ఆ డప్పే.

మొదటిరోజు పొద్దునే ఒక ఆసుపత్రి గేటు దగ్గర ఆటోను ఆపేశారు. నిజానికి ఆసుపత్రి, బడి, కోర్టులకు చుట్టూ కనీసం వంద మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. డ్రైవర్ అక్కడ మైక్ బంద్ చేయాల్సింది, చేయలేదు. మేం కూడా చప్పుడుకే గొడవ అయిందనుకున్నాం. తర్వాత ఫోన్‌కు వచ్చిన వీడియోలో ఒకతను డ్రైవర్ చొక్కా పట్టుకుని అంటున్న మాట ఇది: "లోపట మా అన్న వెంటిలేటర్ మీద ఉన్నడు, నువ్వు గేటు ముందట ఆ డప్పు కొడ్తవారా?" డ్రైవర్‌కు ఏమీ అర్థం కాక "లైనింగు గుడ్డలన్నా, లైనింగు గుడ్డలు" అంటున్నాడు. వీడియో మధ్యాహ్నానికి ఊరంతా తిరిగింది. బిడ్డ పెళ్లికి బ్లౌజు ముక్కలు ఎంచి పక్కన పెట్టుకున్న ఒకావిడ, ఎవరో ఫోన్ చేయగానే, "మళ్లొస్త" అని లేచిపోయింది. రాలేదు.

సంగతేమిటో సాయంత్రం తెలిసింది. పానగల్ వైపు నుంచి మనవరాలికి లైనింగు కొనడానికి ఒక పెద్దాయన వచ్చాడు. జీవితమంతా డప్పు కొట్టిన మనిషి. గుమ్మంలోనే ఆగి, "ఎవలు పోయిండ్రు బిడ్డా? పొద్దటిసంది ఇనవడ్తుంది" అన్నాడు. మా ప్రకటన అని చెప్తే ముందు నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. గుడ్డ కొలిచే మీటరు కట్టె పక్కకు జరిపి, కౌంటరు చెక్క మీద వేళ్లతో కొట్టి చూపించాడు. మొదట మా ట్రాకులోది, ఆ తర్వాత పెండ్లిది. "గిది ఇన్నవా? కాలును ముందుకు తోస్తది. మీదేమో ఎనుకకు గుంజుతది. పాడె లేసినంక మెల్లగ నడిపిచ్చే దెబ్బ బిడ్డా అది." రెండోసారి విన్నాక నాకూ తేడా తెలిసింది. తెలిశాక మళ్లీ ఆ ఫైల్ వినాలంటే చెయ్యి రాలేదు.

స్టూడియోకు వెళ్లి అడిగితే ఓనరు కంప్యూటర్లో ఫోల్డర్ తెరిచి చూపించాడు. నెట్‌లోంచి దించిన ట్రాకులు వరసగా ఉన్నాయి, మాది 'ఫోక్ డప్పు 7'. ఎవరు కొట్టారో, ఏ ఊళ్లోదో, ఏ సందర్భంలోదో ఏమీ లేదు. పైగా వాదన: "డప్పు డప్పే కద మేడమ్. పట్నంల శవయాత్రకు తీన్మార్ కొడ్తలేరా? బరాత్‌కు గదే తీన్మార్ కొడ్తలేరా?" ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. తీన్మార్ అన్నిచోట్లా తిరుగుతుంది, దానికి ఒక ఇల్లంటూ లేదు. కానీ ఈ దరువుకు ఇల్లు ఉంది, ఆ ఇంట్లోంచి దాన్ని పట్టుకొచ్చి బజారులో కూర్చోబెట్టాడు.

పెప్సీ కథ అప్పుడు చెప్పాను అతనికి. 1989లో అమెరికా గాయని మడోనాకు 50 లక్షల డాలర్లిచ్చి, ఆమె కొత్త పాటతో ప్రకటన తీశారు. ప్రకటనలో తప్పు పట్టడానికేమీ లేదు, ఆమె చిన్ననాటి పుట్టినరోజు జ్ఞాపకం, అంతే. మర్నాడు అదే పాట వీడియో విడుదలైంది. అందులో మండుతున్న శిలువలున్నాయి. క్రైస్తవ సంఘాలు పెప్సీ తాగొద్దని పిలుపునిచ్చాయి, కంపెనీ ప్రకటన ఆపేసింది, డబ్బు మడోనా దగ్గరే ఉండిపోయింది. శిలువలు పెప్సీ వాళ్లు పెట్టలేదు. పాట ఒకటే కాబట్టి జనానికి రెండూ కలిసిపోయాయి. మా "చీర కొన్నరా?" మాటలోనూ ఏ దోషమూ లేదు. ఓనరు అంతా విని, "వాళ్లకు పైసలున్నయి మేడమ్" అన్నాడు. ఆ ఒక్క మాటకు జవాబు దొరకలేదు నాకు.

మళ్లీ చేయడానికి ఇంకో 1,500 అడిగాడు. తప్పు తనదైనా! గీచి గీచి 800కు ఒప్పించాం. ఈసారి పెద్దాయననే బతిమాలి తీసుకెళ్లాం. ఆయన నేరుగా గదిలోకి రాలేదు. డాబా మీద పాత పేపర్లు మంటపెట్టి, డప్పును అటూ ఇటూ తిప్పుతూ తోలు బిగిసేదాకా కాచాడు, మధ్యమధ్య వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కుడిచేత సిర్ర అనే లావు కర్ర, ఎడమచేత సిటికెన పుల్ల అనే సన్న పుల్ల పట్టి కొడితే కోడిగుడ్ల అట్టలు అదిరాయి. మిషన్ ముందు కూర్చున్న పిల్లవాడు చప్పుడు చూపించే మీటర్లు ఎర్రబడుతున్నాయని గొంతు పోయేలా అరిచాడు. మైక్‌ను గుమ్మం బయటకు జరిపాక గానీ కుదరలేదు. ఆయనకు మేమే 1,000 ఇచ్చాం, స్టూడియో వాళ్లు చాయ్ పోశారు.

కొత్త ప్రకటన బాగుంది. దానివల్ల అమ్మకాలు పెరిగాయని మాత్రం రాయను. బతుకమ్మకు ముందు ఎవరి షాపులోనైనా పెరుగుతాయి. ఆటో వెనక పిల్లలు గంతులేస్తూ పరుగెత్తారు, ఎవరూ చొక్కా పట్టుకోలేదు, మాకు అది చాలు.

ఇక్కడితో ఆపి ఐదుకు మూడు ఇద్దామనుకున్నాను. మొన్న గడియారం సెంటర్‌లో చెప్పుల దుకాణం ఆటో ఒకటి పోతుంటే వింటిని కదా, కింద మోగేది మా పెద్దాయన దరువే. ఆ చివర్లో ఆయన సిర్ర అంచుకు తగిలి టక్కుమన్న చప్పుడు కూడా అలాగే ఉంది. స్టూడియోకు ఫోన్ చేస్తే, "అవును మేడమ్, మంచిగొచ్చింది కద, నలుగురికి ఇచ్చిన" అన్నాడు. ఆయనకేమైనా ఇచ్చావా అంటే, "ఆయన అడుగలే కద." దరువు ఎవరి సొత్తూ కాదు, అది తాతల నాటిది. ఆయన ఆ రోజు కొట్టిన కొట్టుడు మాత్రం ఆయనది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు తాము పాడినదాని మీద, వాయించినదాని మీద 50 ఏళ్ల హక్కు ఉంటుందని కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ నంబరు అతనికి వాట్సాప్ చేశాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కాబట్టి ఐదుకు రెండు. రెండూ ఆ అమ్మాయి గొంతుకు. ఆమె చేతనే చదివించుకోండి, స్క్రిప్టు కూడా ఆమెనే చూడమనండి. దరువు కావాలంటే పానగల్ పోండి, మా షాపులో అడిగితే ఇల్లు చెప్తాం.